తప్పెటగుళ్ళ కుర్రాడు, 800 మీటర్లు, ముగ్గు గీత: ఒక కేస్ స్టడీ

ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి నేను. ఇక్కడ రాస్తున్నది ఒక కుర్రాడితో మూడేళ్ళు చేసిన పని గురించి. ఊరు, పేరు, ఏ ఏడాది అన్నది రాయడం లేదు. కుటుంబం గురించిన ఒకటి రెండు వివరాలు మార్చాను. వాళ్ళ నాన్నకి చదివి వినిపించి సరే అన్నాకే బయట పెడుతున్నాను. మొదటి ఏడాదంతా నేను చేసినవి ఎక్కువగా పొరపాట్లే. తోటి పీఈటీలకి వాటివల్లే ఎక్కువ ఉపయోగమని అవి తగ్గించకుండా రాశాను.

నేపథ్యం

మా బడికి నాలుగైదు ఊళ్ళ పిల్లలొస్తారు. అందులో ఒక ఊళ్ళో తప్పెటగుళ్ళ బృందం ఉంది. ఈ వైపు వాళ్ళు కానివాళ్ళకి కొంచెం చెప్పాలి. తప్పెటగుళ్ళు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల ఆట. గొల్ల కుటుంబాలవాళ్ళు గంగమ్మ పండగలకీ సంక్రాంతికీ ఆడతారు. రేకుతో చేసిన గుండ్రటి గుళ్ళు రొమ్ముకి కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ళకి గజ్జెలతో ఎగురుతూ పాడతారు. గురువు పాట ఎత్తుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుంటారు. ఆఖర్న ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళెక్కి అంతస్తులు కడతారు. పైమెట్టు మీద నిలబడ్డానికి బరువు లేని గుంటడొకడు కావాలి. ఆ గుంటడే ఈ కుర్రాడు. తాత బృందానికి గురువు, నాన్న రెండో వరసలో ఆడతాడు.

నాకు తగిలేసరికి ఎనిమిదో తరగతి. జూలైలో పిల్లలందరికీ 800 మీటర్లు పెట్టాను. చెప్పుల్లేకుండా, యూనిఫాం నిక్కరు మీద, 2 నిమిషాల 31 సెకన్లలో వచ్చేశాడు. మా 200 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లకీ పట్టిన సమయాలు 33, 37, 40, 41. ఆ తగ్గడం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, వీడికి ఇంజను ఉంది, తోలడమే రాదు.

సమస్య

హెచ్ఎం గారి దృష్టిలో సమస్య హాజరు. నెలలో పది, పన్నెండు రోజులు కనబడడు. లెక్కల మాస్టారి దృష్టిలో సమస్య లెక్కలు. ఎఫ్‌ఏ (బడిలో మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్ష) పేపరు మీద పేరు రాసి మడిచి ఇచ్చేవాడు. తరగతిలో నోరు విప్పడు. నేను నా డైరీలో రాసుకున్నది: "వేగం ఉంది, క్రమశిక్షణ లేదు." ముగ్గురం మూడు వైపుల నుంచి చూశాం. వాడి రాత్రుళ్ళు ఎలా గడుస్తున్నాయో ఒక్కళ్ళమూ అడగలేదు.

చేసినవి, చెడినవి

మొదట చేసింది ఆట మాన్పించడానికి చూడటం. నా లెక్క ఇది: రాత్రి ఎగిరితే పొద్దున్న కాళ్ళు లేవవు, నిద్ర ఉండదు, బడికి రాడు. తప్పెట తీసేస్తే మూడూ ఒక్క దెబ్బకి తీరతాయి. వాళ్ళ నాన్నని బడికి పిలిపించి స్పోర్ట్స్ కోటా, ఉద్యోగం, రైల్వే అని ఏకరువు పెట్టాను. ఆయన అంతా విని, "వొగ్గేయమంటే వొగ్గేత్తాం మాస్టారూ. మరి పైమెట్టుకి ఎవుడెక్కుతాడు, మీరెక్కుతారా?" అన్నాడు. ఎగతాళికి అన్నమాట కాదది. సీజన్లో బృందానికి వచ్చే డబ్బులో వీడికీ ఒక వాటా ఉంది. వీడు లేకపోతే అంతస్తు కట్టరు, అంతస్తు లేని ఆటని పిలిచేవాళ్ళు తక్కువ.

దాంతో కుర్రాడు నా దగ్గర మానేశానని చెప్పి రాత్రుళ్ళు ఆడుతూనే ఉన్నాడు. అది తెలియక నేను పొద్దున్న ఆరింటికి గట్టుమీదకి పరుగులు పెట్టించాను. నెలన్నర తిరక్కుండానే మోకాలి కింద, ఎముక లోపలి అంచు పొడుగునా నొప్పి మొదలైంది. పీహెచ్‌సీ డాక్టరు ఎముక విరగలేదు, మూడు వారాలు గెంతులొద్దు అన్నారు. మండల పోటీలకి జెర్సీ వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు.

రెండోసారి చదువుని ఆటకి ముడేశాను. ఎఫ్‌ఏలో లెక్కల్లో ఇన్ని మార్కులు రాకపోతే గ్రౌండులోకి రావద్దు. చాలామంది చేసే పనే ఇది, కొందరు పిల్లల మీద పనిచేస్తుంది కూడా. ఆట మీద ప్రేమున్నవాడు ఆట కోసం చదువుతాడని నమ్మకం. అయితే దానికి చదివితే వస్తుందన్న ధైర్యం ముందే ఉండాలి. వీడికి అది లేదు. రానిదాన్ని తీసుకెళ్ళి వచ్చినదాని గుమ్మానికి తాళంగా వేశాను. ఎఫ్‌ఏ అయింది, మార్కులు రాలేదు, గ్రౌండు మూసుకుంది. వారం తర్వాత బడి కూడా మానేశాడు. సంక్రాంతికి బృందంతో వెళ్ళినవాడు సెలవులైపోయినా తిరిగి రాలేదు.

ఫిబ్రవరిలో బతిమాలి వెనక్కి తెచ్చి మూడో పొరపాటు చేశాం. ఇది చెయ్యబోయే ముందు అందరికీ చాలా మంచి ఆలోచన అనిపించింది. వార్షికోత్సవంలో వీడిచేత తప్పెటగుళ్ళు ఆడిద్దాం, కళకి గౌరవం ఇచ్చినట్టు ఉంటుంది, వీడికీ బడి మీద మనసు కుదురుతుంది. కార్యక్రమం పొడుగు కాకూడదని మూడు నిమిషాలు ఇచ్చారు. పాట ఫోన్లోంచి స్పీకరుకి కలిపారు. నలుగురు పిల్లలకి అట్టముక్కల మీద వెండి కాయితం అతికించి గుళ్ళు చేశారు. స్టేజి చెక్కల మీద వీడు ఒక్కడే నిజంగా ఎగురుతున్నాడు, మిగతా నలుగురూ చేతులూపుతున్నారు. వెనక బెంచీల్లోంచి ఈల, నవ్వు. మర్నాటి నుంచి వాడికి "గుళ్ళు" అని పేరు పడింది.

అంతకుముందు మాకొక శిక్షణ తరగతిలో తెర మీద ఒలింపిక్ చార్టర్ వాక్యం చూపించారు, క్రీడని సంస్కృతితో, విద్యతో మేళవించడమే ఒలింపిజం అని. విన్నప్పుడు బాగుంటుంది. కానీ ఒలింపిక్స్‌లోనే 1912 నుంచి 1948 వరకు కళలకి వేరే పోటీలు పెట్టి పతకాలిచ్చారు: చిత్రలేఖనం, శిల్పం, సాహిత్యం, సంగీతం, వాస్తుశిల్పం. 1912లో సాహిత్యంలో పసిడి పతకం మారుపేరుతో రాసిన కూబెర్టిన్‌కే, అంటే ఆధునిక ఒలింపిక్స్ మొదలెట్టినాయనకే వచ్చింది. 1924లో ఐర్లండ్‌కి మొట్టమొదటి పతకం తెచ్చింది ఒక చిత్రకారుడు, జాక్ యేట్స్. అయినా పరిగెత్తేవాడు పరిగెత్తాడు, బొమ్మ గీసేవాడు గీశాడు. పక్కపక్కన కూర్చోబెట్టారు గానీ కలిపిందేమీ లేదు. మా వార్షికోత్సవం సంగతీ అంతే: పొద్దున్న ఆటల పోటీలు, మధ్యాహ్నం బహుమతి ప్రదానం, సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమం. ఒకే పిల్లాణ్ణి మూడు ముక్కలు చేసి మూడు పూటలకి పంచాం.

మలుపు

మార్చిలో హెచ్ఎం గారు పేరు కొట్టేస్తానంటే ఆఖరిసారి అని వాళ్ళింటికి వెళ్ళాను. పొద్దుపోయింది. కళ్ళంలో సాధన జరుగుతోంది. పలకరించబోతే వాళ్ళ తాత చెయ్యెత్తి ఆగమన్నారు, పాట మధ్యలో ఉందని. ఓ చెట్టు మొదట్లో కూర్చున్నాను.

బడిలో నోరు విప్పనివాడు అక్కడ చిన్నపిల్లల వరసకి లెక్క చెబుతున్నాడు. వాడి చూపు వాళ్ళ మడమల మీదే ఉంది. నడివయసు ఆయనొకరు దెబ్బ ముందు వేస్తే ఆట ఆపించి, "పెదనాన్నా, నువ్వు రెండో సగంలో తొందర పడతన్నావు" అన్నాడు. ఆయన తలూపి మళ్ళీ మొదలెట్టారు. అలాంటి మాటే జూలై నుంచి నేను వాడికి చెబుతున్నాను, 800లో నువ్వు మొదటి సగంలో తొందర పడుతున్నావని. నా మాట వాడికి ఎందుకు పట్టలేదో అప్పుడర్థమైంది. నేను స్టాప్‌వాచ్ భాషలో చెబుతున్నాను. వాడికి వచ్చిన భాష తాళం.

సాధన అయ్యాక తాతగారితో కూర్చున్నాను. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేశారని, తాలింఖానాలున్న (కసరత్తు శాలలున్న) రోజుల్లో ఆట, కసరత్తు అని వేరే లేవని ఆయనే ఎత్తారు. నేను ఒక్కటే అడిగాను, రేపు గ్రౌండుకి వచ్చి వీడు పరిగెడుతుంటే చూడండి, ఏం చెప్పొద్దు, చూసి నాతో అనండి. వచ్చారు. రెండు చుట్లు చూసి అన్నారు: "ఈడు ఊపిరి బిగబట్టి పరిగెడతన్నాడు మాస్టారూ. పాడితే చరణం ఆఖర్న ఊపిరి తీస్తాడు. పాట నేకపోతే ఎక్కడ తీయాలో ఈడికెలా తెలుస్తాది?"

పదిహేనేళ్ళ సర్వీసులో నాకు ఇంత ఉపయోగపడిన పరిశీలన ఇంకొకరు చెప్పలేదు.

పనిచేసింది

తొమ్మిదో తరగతిలో మొదట మార్చింది నా రిజిస్టరు. ఆటని శత్రువుగా చూడటం మానేసి శిక్షణగా లెక్కలోకి తీసుకున్నాను. పద్ధతి సులువు: చేసిన పని ఎంత కష్టమనిపించిందో పదికి ఒక అంకె చెప్పాలి, దాన్ని నిమిషాలతో గుణించాలి. గ్రౌండులో 50 నిమిషాలు, కష్టం 6, అంటే 300. తప్పెట రాత్రి రెండు గంటలు, కష్టం 7, అంటే 840. ఒక రాత్రి ఆట మూడు పూటల గ్రౌండుకి దగ్గర్లో ఉంది. పైగా అదంతా గట్టినేల మీద ఒట్టికాళ్ళతో గెంతులు. కిందటేడు ఆ ఎముక నొప్పి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ ఒక్క గుణకారం చెప్పేసింది. ఆ లెక్క ప్రకారం ఆట ఉన్న మర్నాడు గ్రౌండు లేదు, నిద్రపోయి నేరుగా మొదటి పీరియడ్‌కి రావాలి. సీజన్లో గెంతులు, గట్టు పరుగులు పూర్తిగా తీసేసి తేలిక పరుగు మాత్రం ఉంచాను. అంకెలు వాడే రాసుకోవాలి, గుణించాలి, వారానికి కూడాలి. నేను చూస్తానంతే.

రెండోది పరుగులో పాట. తాతగారి పాటల్లోంచి ఒక చరణం తీసుకున్నాం. పైకి పాడకుండా, పెదాల మీదే. మొదటి చుట్టులో ఆ చరణం ఎన్నిసార్లు వస్తుందో, నాలుగో చుట్టులోనూ అన్నిసార్లే రావాలి. తొందర పడితే పాట చెడుతుంది, పాట చెడితే వాడికి సిగ్గు. ఆ సిగ్గు నా ఈలకన్నా బాగా పనిచేసింది. ఇది అందరికీ పనికొచ్చే పద్ధతని చెప్పను. తాళం ఒంట్లో లేని ఇద్దరు పిల్లల మీద ప్రయత్నిస్తే అయోమయపడ్డారు, మానేశాను.

ఇక ముగ్గు గీత. జూన్‌లో ట్రాక్ వెయ్యడం ఏటా నా పని. నేను కొలిచేవాణ్ణి, పిల్లలు బకెట్లు మోసేవాళ్ళు. ఆ ఏడు బకెట్ నేను మోశాను. లెక్కల మాస్టారు గొడుగేసుకుని పక్కన నిలబడ్డారు. రెండు తిన్నని వైపులు 40 మీటర్ల చొప్పున 80 పోతే రెండు వంపులకి 120 మిగలాలి. దాన్ని రెండు పైతో (2π) భాగిస్తే వ్యాసార్థం 19 మీటర్ల 10 సెంటీమీటర్లు. మట్టి ట్రాక్‌లో పరుగు దూరాన్ని గీతకి 20 సెంటీమీటర్లు అవతల కొలుస్తాం కాబట్టి గూటానికి కట్టే తాడు 18.90. కుర్రాడు తాడు పట్టుకుని సగం వంపు తిరిగాక ఆగిపోయాడు. "తాడు సాగతంది మాస్టారూ, మొదలెట్టిన కాడికి రాదు." నైలాను తాడు. పదిహేనేళ్ళుగా నేను దానితోనే వేస్తున్నాను. తీసేసి ఇనప వైరు కట్టాం.

లేను వెడల్పు ఒక మీటరు. రెండో లేనువాడు ఒక చుట్టులో ఎంత ఎక్కువ పరిగెడతాడు, అంటే స్టార్టు దగ్గర వాణ్ణి ఎంత ముందుకి జరపాలి? ఒకడు మీటరన్నాడు, ఒకడు రెండన్నాడు. వీడు ఇటుక ముక్కతో నేల మీద 20.10తో ఒక చుట్టుకొలత, 19.10తో ఒకటి వేసి తీసేశాడు. 3.14తో 6 మీటర్ల 28 వచ్చింది. అంతవరకు వాడి మొహంలో ఏమీ లేదు. అప్పుడు వాడే అడిగాడు: "జిల్లా గ్రౌండు దీనికి రెట్టింపు కదా, అక్కడ పన్నెండున్నర జరపాలా?"

చేసి చూడమన్నాను. 400 మీటర్ల ట్రాక్‌లో పరుగు గీత వ్యాసార్థం 36.80. ఇంకో మీటరు అవతల 37.80. లెక్క చేశాడు. 6.28. తప్పొచ్చిందని కాలితో తుడిచి మళ్ళీ చేశాడు. 6.28. మూడోసారి కూడా అదే. లెక్కల మాస్టారు గొడుగు మడిచి కింద పెట్టి వాడి పక్కన గొంతుక్కూర్చున్నారు. రెండు చుట్టుకొలతలూ అంకెలు వెయ్యకుండా సూత్రాలుగానే రాసి తీసెయ్యి అన్నారు. రాశాడు. వ్యాసార్థం కొట్టేసుకుపోయింది, లేను వెడల్పు ఒక్కటే మిగిలింది. "అంటే గ్రౌండు ఎంత పెద్దదైనా ఇంతేనా?" అని నావైపు చూశాడు. ఏ లేనుని ఎంత ముందుకి జరపాలో చెప్పే స్టాగర్ పట్టిక నాకు కంఠతా వచ్చు. కానీ ఆ సంగతి నేనూ ఆ రోజే గమనించాను.

తెలుగు టీచరు గారు తనంతట తనే ఇంకొకటి కలిపారు. తాత పాటలు రాసి తెమ్మన్నారు. లాంగ్ నోట్‌బుక్‌లో పదకొండు పాటలు తెచ్చాడు. పలికినట్టే రాశాడు, "ఎల్లిపోనాడు", "సెప్పినాడు" అని. ఆవిడ ఎర్రపెన్ను పట్టలేదు. కారణం నాతో చెప్పారు: వ్యాసం రాస్తే దిద్దుతాను, ఇది వాళ్ళ తాత నోట్లోది, దిద్దడానికి నేనెవరిని? కానీ ప్రతి పాట కింద తన మాటల్లో అయిదు వాక్యాలు కథ రాయించారు. ఆ అయిదు వాక్యాలు మాత్రం గట్టిగా దిద్దారు.

వార్మప్‌లో తప్పెట అడుగులు పెట్టాలనుకున్నప్పుడు తాతగారి చేతే నేర్పించాం. అమ్మాయిలూ అడిగారు. మగవాళ్ళ ఆట ఇది. ఆయన రెండు రోజులు ఆలోచించి, గజ్జెలూ గుళ్ళూ ముట్టకుండా అడుగులైతే నేర్చుకోవచ్చన్నారు. నేను ఒప్పేసుకున్నాను. పని జరగాలన్న తొందరలో ఒప్పుకున్నాను గానీ, ఆ అమ్మాయిల్లో ఒకరు "మేం ముడితే ఏటవుద్ది మాస్టారూ" అన్నదానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఫలితం

పదో తరగతి సెప్టెంబరుకి 800 సమయం 2:12. చుట్లు 32, 33, 34, 33. రెండేళ్ళలో పిల్లాడు ఎదుగుతాడు, కాళ్ళు పొడుగవుతాయి. 19 సెకన్లలో ఎదుగుదల వాటా ఎంతో, శిక్షణది ఎంతో నేను విడదీయలేను. చుట్లు సమానంగా రావడం మాత్రం ఎదుగుదల వల్ల వచ్చేది కాదు. హాజరు బాగుపడింది, సంక్రాంతి నెల తప్ప. లెక్కల్లో పాసయ్యాడు, గొప్ప మార్కులేం కావు. ఎత్తు పెరిగి బరువు పెరగడంతో పైమెట్టు నుంచి దింపేశారు. ఆ వారం ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు కింద వరసలో ఆడుతూ పైమెట్టు పిల్లాణ్ణి తయారుచేస్తున్నాడు.

ఒక్కడి కోసం ఇంత సమయమా అని స్టాఫ్ రూములో మాట వచ్చింది. అన్నవాళ్ళది తప్పని అనను. ట్రాక్ వెయ్యడం, కష్టాన్ని నిమిషాలతో గుణించే లోడు లెక్క ఇప్పుడు అందరికీ ఉన్నాయి. వాళ్ళింటి కళ్ళంలో కూర్చున్నది మాత్రం వీడొక్కడి కోసమే.

ఇప్పుడైతే

ముందు ఇంటికి వెళ్తాను. పిల్లాడు ఎక్కడ గురువో చూసొచ్చాకే ఎక్కడ వెనకబడ్డాడో రాస్తాను. స్టేజి ఎక్కించే పని అన్నిటికన్నా ఆఖర్న పెట్టుకుంటాను, అదీ వాడే అడిగితే. స్పోర్ట్స్ స్కూలు గురించి అడిగేవాళ్ళకి: వాటిలో చేరిక ఎక్కువగా చిన్న తరగతుల్లోనే, ఎనిమిదో తరగతిలో కనబడ్డవాడికి ఆ దారి కష్టం, మన గ్రౌండే దిక్కు.

నాకు తెలియనిది తెలియదని పిల్లల ముందు అనడం కూడా ఈ కేసులోనే అలవాటైంది. రాష్ట్ర ఎంపికలకి సింథటిక్ ట్రాక్ ఉన్న ఒక మైదానానికి వెళ్ళాం. వార్మప్ చెయ్యమంటే వీడు 400 మీటర్ల స్టార్టు గీతల పక్కన పాదం ముందు పాదం పెట్టి నడుస్తున్నాడు. పరిగెత్తుకొచ్చి, "ఒకటో లేనుకీ రెండోదానికీ మధ్య 28 పాదాలే ఉంది. రెండుకీ మూడుకీ ముప్పై దాటింది. అన్నీ ఒకటే రావాలి కదా మాస్టారూ, ఈళ్ళు తప్పేశారు" అన్నాడు. తప్పు కాదు. 1.22 మీటర్ల లేన్లకి మొదటిది 7.04, మిగతావన్నీ 7.67, పట్టికలో అలాగే ఉంటుంది. ఎందుకని అడిగితే నాకు తెలియదన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ మీద వేలితో గీస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గర పడుతుండగా వీపు మీద తట్టాడు. ఒకటో లేనుకి లోపల ఎత్తుగా కట్టిన అంచుంది, కాలు తగులుతుందని దాన్నుంచి 30 సెంటీమీటర్లు అవతల కొలిచారు. మిగతావాటికి గీతే కాబట్టి 20. ఆ పది సెంటీమీటర్లని రెండు పైతో గుణిస్తే 63 సెంటీమీటర్లు, సరిగ్గా ఆ తేడా. ఆ రోజు 800లో వాడు ఆరోవాడుగా వచ్చి ఎంపిక కాలేదు. బస్సు దిగేదాకా ఆ సంగతి ఎత్తింది నేనొక్కణ్ణే.